అద్దాలాయన అడిగిన నకలు

నకలు అడగడానికి వచ్చినవాడికి చేతుల కుర్చీ వేశారంటే అసలులో ఏదో తిరకాసు ఉన్నట్టే. అద్దాలాయన ఆ కుర్చీలో సగమే కూర్చుని, మిగతా సగం అనుమానానికి వదిలేశాడు. ఠాణాలో రికార్డుల గది ముందు గోడ పొడవునా చెక్కబల్ల ఉంది. వచ్చినవాళ్లంతా దానిమీదే ఒకరి మోచెయ్యి ఒకరికి గుచ్చుకుంటూ కూర్చుని ఉన్నారు: ప్రమాదం రిపోర్టు కావలసిన లారీ యజమాని, పోయిన సర్టిఫికెట్ల తాలూకు ఫిర్యాదు కాపీ కోసం వచ్చిన కాలేజీ పిల్ల, ఎందుకొచ్చాడో తనకే గుర్తులేనట్టు కునికిపాట్లు పడుతున్న ముసలాయన. వాళ్లందరినీ బల్లకు వదిలేసి రైటరుగారు తనకొక్కడికే లోపలి నుంచి కుర్చీ తెప్పించాడు, కిటికీ పక్కన గాలి తగిలేచోట వేయించాడు, "మీరు బల్లమీద కూర్చోవడమేమిటండీ, మనవాళ్లయి ఉండి" అన్నాడు. మనవాళ్లు. ఆ మాట చెవిన పడగానే అద్దాలాయన వీపు నిటారైంది. పోలీసులు పరాయివాడిలా చూస్తే ఎటు పరిగెత్తాలో తెలుస్తుంది, మనవాడంటే ఎటని పరిగెత్తడం? ఆ వెనకే టీ వచ్చింది. బల్లమీదివాళ్లెవరికీ రాలేదు. కాలేజీ పిల్ల గ్లాసువైపు ఒకసారి, ఆయనవైపు ఒకసారి చూసి తన ఫైలును ఇటునుంచి అటు మార్చుకుంది, ఈయన వీళ్ల మనిషన్నమాట అని తేల్చేసుకుని. తాగితే ఆ పిల్లకు అనుమానం, తాగకపోతే రైటరుకు అనుమానం. అందుకని గ్లాసును రెండు చేతులా పట్టుకుని, టీని వదిలేసి దాని వేడి మాత్రం పుచ్చుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కిటికీలోంచి కనిపించేది ఆయన దుకాణమే. ఠాణాకు సరిగ్గా ఎదురుగా, రోడ్డు దాటితే చాలు. పేరుకు కళ్లజోళ్ల దుకాణం, పైన బోర్డుమీద పేరు పిసరంత, బొమ్మ బండెడు: రెండు సున్నాలు, మధ్యలో ముక్కుమీద ఆనే చిన్న వంపు. ఆయన సంతకమూ అదే. చిన్నప్పుడు బడిలో మార్కుల దగ్గర కనబడ్డ సున్నాలకు గీత కలిపి కళ్లజోడు చేసి ఇంట్లో చూపించాడని ఒక కథ ఉంది, నిజమో కాదో గాని చెప్పుకోవడానికి బావుంటుందని ఆయనే చెబుతుంటాడు. వీధిలో ఆ సంతకం తెలియనివాళ్లు లేరు. ఇందాక నకలు దరఖాస్తు మీద కూడా అదే గీశాడు, గీస్తుంటే రైటరు ఆ రెండు సున్నాలవైపు చాలాసేపు చూశాడు. ఎందుకు చూశాడు? సంతకం ముచ్చటగా ఉందనా? ముచ్చటపడే ముఖమా అది? అద్దాలాయన నుదుటిమీద చెయ్యి పెట్టుకుంటే కళ్లజోడు తగిలింది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. దగ్గరివి చదవడానికి మాత్రం కావలసిన అద్దాలు, ఎవరొచ్చినా ముఖం చూసి మాట్లాడాలని పైకి నెడతాడు, నెట్టాక దించడం మర్చిపోతాడు, ఆపైన దాని కోసమే కొట్టంతా వెతుకుతాడు. మీకు కళ్లు నెత్తికెక్కాయండీ అని భార్య రోజూ అంటుంది. నిజమే కాబట్టి ఆయనకు కోపం రాదు.

బోర్డు కింద, గల్లాపెట్టె దగ్గర, తమ్ముడు కూర్చుని ఉన్నాడు. కొన్నాళ్లుగా అతనికి వేరే పని లేదు, అన్న బయటికి వెళ్లినప్పుడల్లా కొట్లో కూర్చోవడమే పని. స్కూలు వ్యాను నడిపేవాడు. పిల్లలు హారన్ మామయ్య అనేవాళ్లు, ఒక్కో ఇంటి ముందు ఒక్కో రకంగా హారన్ కొట్టేవాడని. ఇప్పుడు ఆ పిల్లలే వేరే వ్యానులో ఈ రోడ్డు మీదుగా పోతూ చెయ్యి ఊపబోతే ఆయా వాళ్ల చేతులు లోపలికి లాగుతుంది. అద్దాలాయనకు తెలిసిన కేసులన్నీ కళ్లజోళ్లు పడుకునేవి, లోపల మెత్తటి గుడ్డ, మూస్తే టక్కుమని మూసుకుంటాయి. తమ్ముడి కేసు మాత్రం ఎంత నొక్కినా మూసుకోవడంలేదు. వెనక సందులోని షెడ్డులో వ్యాను నిలిపి అతను ఇంటికి వెళ్లాక, ఒక సాయంత్రం పోలీసులు వెతికితే దొంగ సెల్‌ఫోన్ల పెట్టె దొరికింది. ఆ షెడ్డులో ఎవరెవరి సామానో ఒక మూల కుప్పపడి ఉంటుంది, పెట్టె ఆ కుప్పలోదై ఉంటుందని తమ్ముడు మొత్తుకుంటాడు. కాదు, డ్రైవరు సీటు కిందే ఉందని పోలీసుల పంచనామా. పైగా అక్కడికక్కడే ఈ వీధి పెద్దమనిషి ఒకరు దగ్గరుండి చూసి సాక్షి సంతకం పెట్టారట. ఆ సంగతి తమ్ముణ్ని తీసుకెళ్లిన రోజే ఒక కానిస్టేబుల్ నోరుజారి అన్నాడు, ఎవరో మాత్రం అనలేదు. తమ్ముడు బెయిలు మీద బయటికొచ్చినప్పటినుంచి అన్నదమ్ములిద్దరూ వీధి వీధంతటినీ జల్లెడ పడుతున్నారు.

లాయరమ్మ సాగదీయకుండా చెప్పింది. సీటు కింద చూశానన్నవాడు నిజంగా చూశాడా లేదా అన్నదానిమీదే అంతా ఉంది, వాడు అక్కడ లేడని తేలితే పెట్టె మళ్లీ కుప్పలోకి పోతుంది, మీవాడు మళ్లీ వ్యానెక్కుతాడు, లేకపోతే దొంగ సొత్తు దాచినవాడిగా మిగిలిపోతాడు, వచ్చే వారమే వాయిదా, ముందు పంచనామా నకలు పట్టుకురండి, అంది. నకలు తెమ్మన్నది తమ్ముణ్నే. అతనికి ఠాణా గుమ్మం చూస్తే కాళ్లు కదలవు. "నీకైతే ఇస్తారన్నయ్యా, ఎదురుకొట్టువాడివి, నువ్వంటే వాళ్లకి గౌరవం కదన్నయ్యా" అన్నాడు. ప్రతి మాటకూ చివర అన్నయ్యా అని తగిలించడం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటు, చీటీకి గుండుసూదిలాగ. గౌరవం. ఆ గౌరవం ఎలాంటిదో ఈ కుర్చీలో కూర్చున్నప్పటినుంచీ గుచ్చుకుంటోంది.

ఆ పెద్దమనిషి ఎవరో అద్దాలాయన ఎప్పుడో తేల్చేశాడు. సెలూన్ ఆయనే. ఇంకెవరు? పక్కపక్క కొట్లు, మధ్య గోడ ఒకటే, కత్తెర చప్పుడు ఇటూ అద్దం అరగదీసే చప్పుడు అటూ వినిపిస్తాయి, అయినా ఆ సాయంత్రం మర్నాటినుంచే ఆయన ముఖం మారింది. ఎదురుపడితే ఏదో అనబోయి ఆగేవాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు ఆగాలి? పైగా కొన్నాళ్లకే సెలూన్‌లో కొత్త తిరుగుడు కుర్చీ వెలిసింది. పోలీసులకు సాక్ష్యం చెప్పినవాడికి కుర్చీలు ఇస్తారా అని భార్య అడిగితే, ఇస్తారు, అదేగా వాళ్ల పద్ధతి అన్నాడు తను. ఇప్పుడు తను కూర్చున్న కుర్చీ కిర్రుమంది. సరే, అది వేరు. ఆ కోపంతోనే సెలూన్‌కు వెళ్లడం మానేశాడు. రెండు వీధులవతల ఎవరో కొత్తవాడి దగ్గర కటింగ్ చేయించుకుంటే వాడు ఒక చెవి వెనక తోటా ఇంకో చెవి వెనక బోడిమైదానమూ చేసిపెట్టాడు. ఆ తలతో సెలూన్ ముందునుంచి నడుస్తుంటే, ఆయన కత్తెర ఆపి, "రండి, ఆ వెనకది సరిచేస్తాను, డబ్బులొద్దు" అన్నాడు. డబ్బులొద్దట. చూశావుటే, గుండె కొట్టుకుంటోంది వాడికి అని ఇంటికొచ్చి చెప్పాడు. భార్య కూర తరుగుతూ, కొట్టుకోకపోతే మనిషి పోతాడండీ అంది. ఆవిడ దేన్నీ అనుమానించదు. ఆ అనుమానించకపోవడం మీద కూడా ఆయనకు మధ్యలో కాస్త అనుమానం వచ్చింది గాని, ఆ సాయంత్రం ఆవిడ పుట్టింట్లో ఉందని గుర్తొచ్చి వదిలేశాడు.

లోపల రైటరు బీరువా తీస్తున్నాడు. తీసిన తలుపే మళ్లీ తీస్తున్నాడు. ఠాణాలో రాసేవాణ్ని రైటరంటారు, ఆయన రాసిందల్లా రైటే కాబట్టి కాబోలు. నకలు అడిగితే ఇన్ని నకరాలా? అసలు ఆ కాగితం అసలు ఉందా, లేక అసలే మార్చేస్తున్నారా, మార్చాక దానికి నకలు తీస్తే అది నకలా నకిలీయా? సెలూన్ ఆయన పేరు చెరిపేసి ఇంకెవరి పేరైనా రాస్తున్నారేమో. అందుకే కుర్చీ, అందుకే టీ, అందుకే ఈ ఆలస్యం. అద్దాలాయన మెడ చాచాడు. రైటరు ఒక కట్ట దింపాడు, తాడు విప్పాడు, వేలు తడిచేసుకుని కాగితాలు తిప్పాడు, ఒకచోట ఆగాడు. దరఖాస్తు తీసి పక్కన పెట్టుకున్నాడు. దాన్ని చూశాడు, దీన్ని చూశాడు, తలెత్తి ఈయన్ని చూశాడు. కంటి పరీక్షలో జనాన్ని తను కూర్చోబెట్టి ఇప్పుడు స్పష్టంగా ఉందా, ఇప్పుడు, అని అద్దాలు మార్చి మార్చి అడుగుతాడే, అచ్చం అలా చూశాడు. గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి, "ఈయన మీ సొంత తమ్ముడాండీ?" అన్నాడు. అవునన్నాడు అద్దాలాయన. "సొంతమే?" అన్నాడు మళ్లీ. ఇదేమిటి, తమ్ముళ్లను అద్దెకు కూడా ఇస్తారా? ఒకే తల్లి ఒకే తండ్రి, ఒకే కంచంలో తిన్నాం అన్నాడు కాస్త గట్టిగానే. రైటరు తల ఊపి, ఏదో అనబోయి ఆగాడు, లోపలికి వెళ్లిపోయాడు. అనబోయి ఆగడం. సెలూన్ ఆయన కూడా ఇలాగే. అందరూ కూడబలుక్కున్నట్టు తన ముందుకొచ్చి ఆగిపోతున్నారేం?

సొంతమేనా అట. ఆ కిటికీలోంచి చూస్తే తెలియడంలేదా, ఆ మెడ వంపు, ఆ కూర్చోవడం, ఒక కాలు కిందికి ఒక కాలు పైకి, నాన్న కూర్చున్నట్టే. తమ్ముడు ఇప్పుడు ఏదో ఖాళీ ఫ్రేము, అద్దాలు లేనిది, పెట్టుకుని గాజు బీరువాలో తన ముఖం చూసుకుంటున్నాడు. పెద్దవాడయ్యాడు గాని ఆ వేషాలు పోలేదు. చిన్నప్పుడు వాణ్ని మొద్దు అనేవాళ్లు. పలక ముక్కుకు ఆనించుకుని రాసేవాడు, నల్లబల్లమీద పంతులు రాసింది ఏమిటని అన్నను అడిగేవాడు, అన్న ఏం చెబితే అదే రాసుకునేవాడు, ఆటపట్టించడానికి తప్పు చెప్పినా అదే. దెబ్బలు తిని వచ్చి కూడా, నువ్వు తప్పు చెప్పావు అన్నయ్యా అనేవాడు కాదు, నేనే సరిగ్గా వినలేదన్నయ్యా అనేవాడు. వాడికి కళ్లు కనబడవని ఎవరికీ తట్టలేదు. ఊళ్లోకి కంటి డాక్టర్లు వచ్చి ఉచితంగా చూసిన రోజున తట్టింది. మొదటిసారి అద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చి అమ్మ ముఖం కేసి చాలాసేపు చూసి, "అమ్మకి ఇక్కడ పుట్టుమచ్చ ఉందా అన్నయ్యా" అన్నాడు. అంతవరకూ వాడికి అమ్మంటే గొంతూ వాసనా మాత్రమే. ఆ రోజే అద్దాలాయన ఈ పని పట్టుకున్నాడు. పట్టుకున్నప్పటినుంచీ ఎంతమందికి చూపు తెచ్చాడో లెక్కలేదు. తమ్ముడు ఇప్పటికీ ఏ కాగితమైనా చదవకుండానే తెచ్చి, ఏముందన్నయ్యా ఇందులో అంటాడు. అద్దాలున్నాయి కదరా అంటే, నువ్వు చూశావుగా, చాలులే అంటాడు.

నువ్వు చూశావుగా. ఎందుకో ఆ మాట దగ్గర మనసు కాలు జారినట్టయింది. టీ చల్లారింది, పైన తెట్టు కట్టింది. ఆ పొద్దున కూడా తెట్టు కట్టిన కాఫీ ఒకటి పక్కన ఉంది, మరదలు ఫోను చేసి ఏడ్చిన పొద్దున. బావగారూ ఆయన్ని తీసుకెళ్లారండీ అంటోంది, తను వింటూనే చేతిలో వంకరపోయిన ఫ్రేమును వేళ్లతో సరిచెయ్యబోతున్నాడు, అది సరికావడంలేదు, ఏం చేశాడని తీసుకెళ్లారమ్మా అంటున్నాడు, ఫ్రేము విరిగిపోయింది. ఎవరిదా ఫ్రేము? కానిస్టేబుల్ గారి అమ్మది. ముందురోజు సాయంత్రం వేడి ఇసుకలో పెట్టి మెత్తబడ్డాక అద్దం దిగేస్తుంటే మధ్యలో ఎవరో వచ్చి పిలిచారు, చెయ్యి మళ్లేసరికి కమ్మీ ఒంగిపోయింది. ఎవరొచ్చారు? గిరాకీ కాదు. వాన పడుతోంది, గిరాకీ లేదు. పోనీలే, ఎవరొస్తేనేం. తలుచుకోవలసింది సెలూన్ ఆయన సంగతి. ఆ వానలో ఆయన గొడుగేసుకుని ఠాణా గుమ్మంలోంచి బయటికి రావడం తను చూశాడు కదా. చూశాడా? వచ్చింది ఆయనేనా? నుదుటిమీద అద్దాలున్నా లేకపోయినా దూరం బాగానే కనిపిస్తుంది తనకు, దూరానికేం లోటు లేదు, దగ్గరివే కదా మసకలు.

"అన్నా, ఇక్కడే ఉన్నారా, నాకు రోడ్డు దాటే పని తప్పించారు." కానిస్టేబుల్ నవ్వుతూ వచ్చాడు, ఆ విరిగిన కళ్లజోడు అమ్మగారి కొడుకే. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులోంచి కాగితాల కట్ట, కట్టమీద పెన్ను అడ్డంగా. "ఒక్క సంతకం అన్నా. నిన్న సైకిళ్ల గొడవది." అద్దాలాయన చెయ్యి తనకు తనే గ్లాసును కిటికీ గూట్లో పెట్టింది, తనకు తనే పెన్ను అందుకుంది. ఎన్నిసార్లు అందుకోలేదు. ఎదురుకొట్టువాడు, నలుగురికీ తెలిసినవాడు, ఠాణావాళ్లందరి ముక్కులమీదా ఉన్నవి ఆయన కట్టిన అద్దాలే, వాళ్లొచ్చి ఒక సంతకం అంటే ఇవ్వకపోవడం ఏం మర్యాద? ఇరుగుపొరుగన్నాక పంచదార అడుగుతారు, నిచ్చెన అడుగుతారు, పోలీసులు సంతకం అడుగుతారు. ఏముంది ఇందులో అని ఆయన ఎప్పుడూ అడగలేదు, ఏదో రాసే ఉంటారు, వాళ్లు చూసే ఉంటారు. పెన్ను దిగింది, మొదటి సున్నా గుండ్రంగా తిరిగి మూసుకుంది. "మీరు కాబట్టి అన్నా," అంటున్నాడు కానిస్టేబుల్, "ఆ సెలూన్ ఆయనుంటాడు చూడండి, ఎప్పుడెళ్లినా అదే పాట. చూడనిదానికి పెట్టనండీ అంటాడు. అప్పుడు షెడ్డు కాగితానికీ ఇంతే. వానలో గొడుగేసుకుని మరీ లోపలికొచ్చి రైటరుగారికి చెప్పి పోయాడు, నేను పెట్టను, నా దగ్గరికి పంపకండి అని. చివరికి మీ దగ్గరికే వచ్చాను కదా."

రెండో సున్నా పడలేదు. పెన్ను మొన కాగితంమీద ఆనిన చోట సిరా చిన్న చుక్కగా మొదలై పెరుగుతోంది. వాన. వాన చప్పుడులో అన్నా అని పిలుపు, ఇసుక గిన్నెలోంచి అప్పుడే తీసిన ఫ్రేము, వేడి చల్లారకముందే అద్దం దిగాలి, ఆగితే కమ్మీ బిగుసుకుపోతుంది, ఒక్క నిమిషం బాబూ అంటే ఒక్క సంతకమే కదన్నా, తడిసిపోతోంది అని కవరులోంచి తీసిన కాగితం గాజు బల్లమీద పరిచాడు, కుడిచేత్తో పెన్ను ఎడంచేత్తో ఫ్రేము, కళ్లజోడు ఎక్కడో, ఎక్కడేమిటి నుదుటిమీదే, అక్షరాలు చీమల బారులా పోతున్నాయి, వాటిలో ఒక చీమ తమ్ముడు. సున్నా, వంపు, సున్నా. వంగిన కమ్మీ చూసి అయ్యో మీ అమ్మగారిది అన్నాడు తను. పరవాలేదన్నా ఇంకోటి చేద్దురుగాని అన్నాడు అతను. కమ్మీ కోసం అయ్యో అన్నాడు. వెనక సందులో షెడ్డు ఉందని తెలుసు, వాడి వ్యాను అందులోనే ఉంటుందని తెలుసు, పొద్దున మరదలు షెడ్డు అంది, సీటు అంది, సంతకం అంది, ఒక్కొక్కటీ చెవిలో పడుతూనే ఉంది, అయినా రాత్రికి రాత్రి ఆ సాయంత్రం ఎవరిదో పరాయివాళ్ల సాయంత్రం అయిపోయింది. ఎందుకంటే తను పెట్టింది సాక్ష్యం కాదు కదా, సంతకం. సాక్షి అంటే స అక్షి, కళ్లతో సహా ఉన్నవాడు అని తనే ఒకసారి కొట్లో జోకు వేశాడు, కళ్లజోడుతో సహా ఉన్నవాణ్ని నాకంటే పెద్ద సాక్షి ఎవడు అని, అందరూ నవ్వారు. సెలూన్ ఆయన నవ్వలేదు, గోడ అవతల కత్తెర ఆగింది. అనబోయి ఆగింది అదన్నమాట. ఆ మనిషి పక్కకొట్టువాడి ముఖం చూసి నోట మాట రాక ఆగిపోతుంటే, తను దానికి గుండెదడ అని పేరు పెట్టి, ఊరంతా తోటా మైదానమూ వేసుకుని తిరిగాడు. ఇంకెన్ని సున్నాలు పెట్టాడు? ఎవరెవరి తమ్ముళ్లవి? ఆ బీరువాలో ఎన్ని కట్టలు, ఎన్ని జతల కళ్లు కాగితాల అడుగున తెరుచుకుని పడి ఉన్నాయి, ఒక్కటీ ఏమీ చూడనివి?

"అన్నా, ఇంకో సున్నా" అన్నాడు కానిస్టేబుల్ సరదాగా. అద్దాలాయన నుదుటిమీది కళ్లజోడు కోసం చెయ్యెత్తి, అది దించకుండానే వదిలేసి, పెన్ను కాగితంమీద అడ్డంగా పెట్టేశాడు. నేను సైకిళ్ల గొడవ చూడలేదు బాబూ అన్నాడు. మాట చిన్నగానే వచ్చింది గాని బల్లమీద కునికిపాట్లు పడుతున్న ముసలాయన కూడా కళ్లు తెరిచాడు. కానిస్టేబుల్ నవ్వు ముఖంమీద ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయిన తోరణంలాగ. ఒంటి సున్నా ఉన్న కాగితాన్ని తీసుకుని, రైటరుకేసి చూసి, లోపలికి వెళ్లాడు. లోపల గుసగుస. అప్పుడు రైటరు వచ్చాడు, ముద్ర వేసిన నకలు చేతిలో ఉంది, ఇవ్వలేదు, గాలి విసురుకుంటున్నట్టు అటూ ఇటూ ఆడిస్తున్నాడు. "చూడండి, మీ తమ్ముడని అప్పుడు మాకూ తెలీదు. తెలిస్తే మీ దగ్గరికి పంపుతామా? అయిందేదో అయింది. ఈ కాగితం మీకివ్వడం చట్టం, ఇస్తాను. కానీ సాక్షే వచ్చి నకలు పట్టుకెళ్లాడంటే పైవాళ్లు ఏమనుకుంటారు? రేపు బోనెక్కి చూడలేదంటే ముందు మిమ్మల్నే అడుగుతారు, చూడనిదానికి ఎందుకు పెట్టావయ్యా అని. దీనికొక్కదానికేనా, అన్నిటికీ అడుగుతారు. ఇన్నాళ్ల స్నేహం. దరఖాస్తు వెనక్కి తీసుకుంటే నేను చింపేస్తాను, మీరు రానే లేదు."

రానే లేదు. ఎంత సులువు. రోడ్డు దాటి వెళ్లి, ఇవ్వలేదురా, ఫైలు దొరకలేదట అంటే తమ్ముడు నమ్ముతాడు. నేనే సరిగ్గా వినలేదన్నయ్యా అనేవాడు కదా, నమ్మడమే వాడి జబ్బు, దానికి అద్దాలు కట్టడం తన చేత కాదు. రైటరు కళ్లలో స్నేహం ఉందా, హెచ్చరిక ఉందా? రెండూ ఒకే పవర్‌లో ఉంటాయని ఇన్నాళ్లూ తెలీలేదు. ఒకటి మాత్రం ఖాయం, రేపటినుంచి ఈ ముక్కులన్నీ ఇంకో దుకాణానికి పోతాయి. ఇక్కడితో ఆగేనా? కొట్టు ముందు బండ్లు అడ్డమని ఒక కాగితం వస్తుంది, బోర్డు పెద్దదని ఇంకొకటి, వాటి కింద ఎవరో ఒకరు మర్యాదకు సంతకం పెడతారు, దగ్గరుండి చూశానని. ఎవరు పెడతారు? సెలూన్ ఆయన మాత్రం పెట్టడు. ఆ ఆలోచనకు ఎక్కడో చిన్న ఊరట కలిగితే, కలిగినందుకు సిగ్గేసింది. కిటికీలోంచి చూస్తే తమ్ముడు ఇటే చూస్తున్నాడు, ఖాళీ ఫ్రేములోంచి. నకలు ఇవ్వండి అని చెయ్యి చాచాడు అద్దాలాయన. ముట్టినట్టు సంతకం పెట్టాలన్నాడు రైటరు, పుస్తకం ముందుకు తోసి, కాస్త నవ్వి. పెట్టాడు. రెండు సున్నాలూ పెట్టాడు. ఈసారి కాగితం నిజంగానే ముట్టింది మరి. చేతుల కుర్చీలోంచి లేస్తుంటే, ఇందాకటి కాలేజీ పిల్ల బల్లమీద కాస్త జరిగి చోటిచ్చింది, కూర్చుంటాడేమోనని. వద్దమ్మా అన్నాడు.

రోడ్డు ఎప్పుడూ ఇంత వెడల్పుగా లేదు. సెలూన్ ముందు ఆయన తువ్వాలు దులుపుతున్నాడు, చేతిలోని కాగితం చూశాడు, ముఖం చూశాడు, తువ్వాలు దులపడం ఆపి లోపలికి వెళ్లిపోయాడు. ఈసారి ఆగలేదు, అనవలసింది ఏమీ మిగల్లేదు కాబట్టి. తమ్ముడు గల్లాపెట్టె వెనక లేచి నిలబడ్డాడు. "దొరికిందా అన్నయ్యా? ఎవడన్నయ్యా వాడు?" అద్దాలాయన కాగితాన్ని గాజు బల్లమీద, ఆ రోజు వానలో పరిచిన చోటే, పరిచాడు. తమ్ముడు ఖాళీ ఫ్రేము తీసేసి జేబులోంచి తన అద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఏముందన్నయ్యా ఇందులో అనలేదు. పైనుంచి వేలు పెట్టి వరసగా చదువుకుంటూ, షెడ్డు దగ్గర, సీటు దగ్గర, పెదవులు కదుపుతూ, కిందికి వచ్చాడు. వేలు అడుగున ఆగింది.  తల ఎత్తినప్పుడు అన్నవైపు చూడలేదు, గుమ్మంలోకి నడిచి, మెడ వెనక్కి వంచి, పైన బోర్డుమీదున్న రెండు పెద్ద సున్నాలవైపు చూశాడు, అంతవరకూ గొంతూ వాసనా మాత్రమే తెలిసిన ముఖం ఒకటి మొదటిసారి కనబడినట్టు.

నేను చూడలేదురా అన్నాడు అద్దాలాయన. సీటూ చూడలేదు, పెట్టే చూడలేదు, ఈ కాగితమూ చూడలేదు, ఫ్రేము వేడిగా ఉందని గబగబా పెట్టేశాను, ఆ మాటే బోనులో చెబుతాను, ఎవరేం చేసుకున్నా చెబుతాను. చెబుతున్నంతసేపూ తమ్ముడు ఆయన నోటివైపు చూస్తున్నాడు, మాటకూ మాటకూ మధ్య సందు వెతుకుతున్నట్టు. ఇన్నేళ్లలో తమ్ముడి కళ్లలో ఆ చూపు ఆయన చూడలేదు. తను వీధంతటినీ అదే చూపుతో చూస్తూ తిరిగాడని, అది ఇలా ఉంటుందని తెలీదు. తమ్ముడు గల్లాపెట్టె కిందినుంచి ఒక తెల్లకాగితం తీసి, పెన్నుతో సహా ఆయన ముందుకు తోశాడు. లాయరమ్మకు ఇవ్వడానికి రాసిపెట్టు అన్నాడు. అద్దాలాయన నిలబడే రాశాడు, చూడలేదని, అక్కడ లేనని, చదవలేదని. అక్షరాలు చీమల్లా పోయాయి, ఎలా పోయాయో ఆయనకే తెలీదు, చివరికొచ్చి అలవాటుగా మొదటి సున్నా కోసం పెన్ను తిప్పబోయాడు. తమ్ముడు మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో అన్న నుదుటిమీది కళ్లజోడును మెల్లగా కిందికి లాగి, ముక్కుమీద సరిగ్గా కూర్చోబెట్టాడు.

"చదివి పెట్టు" అన్నాడు.